తోడుకు కూలి లేదట!

(వ్యవసాయ కూలీ మహిళల సమావేశంలో చేసిన ఉపన్యాసం పాఠం)



పొద్దుటి నుంచి కూలి రేట్ల గురించి, ఇళ్ల స్థలాల గురించి మాట్లాడుకున్నాం. నేను ఇంకో కూలి గురించి చెప్తాను. అది పొలంలో చేసేది కాదు. సముద్రం దాటిపోయి, పరాయి ఇంట్లోనే ఉండి, ఆ ఇంటి ముసలమ్మకో ముసలాయనకో రాత్రింబగళ్లు చేసే చాకిరీ. ఎత్తి కూర్చోబెట్టాలి. నీళ్లు పోయాలి. అన్నం తినిపించాలి. మలమూత్రాలు ఎత్తాలి. వేళకు మందు వేయాలి. మంచాన పడ్డ మనిషికి వీపు పుండు పడకుండా రాత్రి కూడా లేచి పక్క మార్చాలి.

గోదావరి జిల్లాల్లో, కడప జిల్లాలో కువైట్ సంగతి తెలియని పల్లె ఉందా? మాలపల్లెలో, మాదిగపల్లెలో ఏ వీధికి పోయినా కువైట్ పోయొచ్చిన ఆడమనిషి కనిపిస్తుంది. 20 నంబరు వీసా మీద పోతారు. ఇంటిపని వీసా అది. అక్కడ వాళ్ల పేరు ఖద్దామా. ఇంట్లో ముసలివాళ్లుంటే వాళ్ల పని కూడా ఆమె మీదే పడుతుంది. వంట చేసి, ఇల్లు తుడిచి, పిల్లల్ని చూసి, ఆపైన పెద్దామె మంచం పక్కన పడుకోవాలి. ఇజ్రాయెల్‌కు కూడా మన తెలుగువాళ్లు పోతున్నారు. అక్కడ ముసలివాళ్లను చూసుకోవడానికే వీసా ఇస్తారు. కేర్‌గివర్ అంటారు.

మన ఊళ్లో ఎవరన్నా బయల్దేరితే అందరం ఒకటే అడుగుతాం. "జీతం ఎంతిస్తారంట?" అని. "ఎన్ని గంటలు పనంట?" అని ఎవరన్నా అడుగుతున్నామా? ఏజెంటు చెప్పడు, మనం అడగం. ఈ రోజు నా మాటంతా ఆ గంటల గురించే. ఎందుకంటే ఈ పనిలో దొంగతనం జీతంలో కన్నా గంటల్లోనే ఎక్కువ జరుగుతుంది.

అమెరికాలో ఒక ఆడకూలీ కేసు

కువైట్ గురించి చెప్తానని అమెరికా పోతున్నానేమిటి అనుకోకండి. ఈ గంటల తగాదా బాహాటంగా సుప్రీం కోర్టు దాకా నడిచింది అక్కడ. అందుకని ముందు ఆ కథ వినండి.

ఎవలిన్ కోక్ అని ఒకామె. జమైకా దీవి నుంచి న్యూయార్క్ వచ్చిన నల్లజాతి స్త్రీ. ముసలివాళ్ల ఇళ్లకు మనుషుల్ని పంపే ఒక ఏజెన్సీలో ఏళ్ల తరబడి పనిచేసింది. గంటకు సుమారు 7 డాలర్లు. కొన్నిసార్లు 24 గంటలూ ఆ ఇంట్లోనే ఉండాలి. అమెరికా చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితే ఆపై ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలి. ఆమెకు అది ఇవ్వలేదు. 2002లో దావా వేసింది.

ఏజెన్సీ వాళ్లు ఏమన్నారు? "ఆమె చేసేది తోడుగా ఉండే సేవ. దానికి ఆ చట్టం వర్తించదు" అన్నారు. వాళ్లు ఊరికే అనలేదు. 1974లో ఇంటిపని వాళ్లను కూలి చట్టంలో చేర్చినప్పుడు, ముసలివాళ్లకు, రోగులకు తోడుగా ఉండేవాళ్లను బయట పెట్టారు. పక్కింటామె వచ్చి కాసేపు ముసలమ్మ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పినట్టు, ఇదీ అట్లాంటిదే అని చట్టం మాట. మలమూత్రాలెత్తి, మనిషిని మోసి, రాత్రి మేలుకుని చేసే పనికి తోడు అని పేరు పెట్టారు. తోడు అనగానే కూలి ఎగిరిపోయింది.

2007లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒకే మాట మీద, ఏజెన్సీ జీతం మీద పనిచేసేవాళ్లను కూడా ఆ చట్టం నుంచి మినహాయించిన కార్మిక శాఖ నిబంధన చెల్లుతుందన్నారు. కోక్ ఓడిపోయింది. కిడ్నీలు పాడై మంచాన పడి, 2009లో 74 ఏళ్ల వయసులో చనిపోయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అమెరికాలో ఆ కూలి చట్టం మొదట వచ్చింది 1938లో. అప్పుడే రెండు రకాల కూలీలను బయట పెట్టారు. ఒకరు పొలం కూలీలు, రెండోవారు ఇంటిపని వాళ్లు. దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ల బిడ్డల్లో అత్యధికులు చేసేది ఆ రెండు పనులే. చట్టంలో నల్లవాళ్లు అనే మాట ఒక్కచోట కూడా లేదు. పని పేరు రాస్తే సరిపోయింది, మనిషి రంగు రాయాల్సిన పని లేకపోయింది. ఈ విద్య మనకు కొత్తా? మన దేశంలో పని పేరు చెప్తే కులం చెప్పినట్టే కదా!

కోక్ ఓడినా ఆ తగాదా ఆగలేదు. ఆమెలాంటి వాళ్లు, వాళ్ల సంఘాలు పట్టు వదల్లేదు. 2013లో ఒబామా ప్రభుత్వం ఆ నిబంధన మార్చింది. ఏజెన్సీల వాళ్లు మళ్లీ కోర్టుకెక్కారు, ఓడిపోయారు. 2015 నుంచి సుమారు 20 లక్షల మందికి కనీస కూలి, ఓవర్‌టైం చట్టం వర్తించింది. సంతోషమే. కానీ 2025 జూలైలో అక్కడి కార్మిక శాఖే ఆ మార్పును రద్దు చేస్తామని ప్రతిపాదన పెట్టింది. గెలుచుకున్న కూలి కూడా కాపలా కాయకపోతే నిలవదని అర్థం.

ఇరవై నాలుగు గంటలుంటే పదమూడు గంటల కూలి

న్యూయార్క్ రాష్ట్రంలో ఇంకో లెక్క ఉంది. 24 గంటల డ్యూటీ చేస్తే 13 గంటలకే కూలి కడతారు. మిగిలిన 11 గంటలేమయ్యాయి? 8 గంటలు నిద్రంట, 3 గంటలు తిండంట.

ఆ 11 గంటలు ఆమె తన ఇంటికి పోవచ్చా? పోకూడదు. బజారుకు పోవచ్చా? పోకూడదు. తన పిల్లల పక్కన పడుకోవచ్చా? పడుకోకూడదు. ముసలాయన దగ్గితే లేవాలి, పిలిస్తే పలకాలి. మరి అది ఎవరి నిద్ర?

నిబంధనలో ఇంకో మాట కూడా ఉంది. మధ్యలో లేవకుండా కనీసం 5 గంటలు నిద్ర దొరక్కపోతే ఆ 8 గంటలకూ కూలి కట్టాలి. కాగితం మీద బాగానే ఉంది. రాత్రి రెండింటికి లేచానని, మూడింటికి మళ్లీ లేచానని సాక్ష్యం ఎవరు చెప్తారు? మంచంలో ఉన్న ముసలాయన చెప్తాడా? 2019 మార్చిలో ఆ రాష్ట్రపు పై కోర్టు ఈ 13 గంటల లెక్క చెల్లుతుందని చెప్పింది.

ఈ పని చేసేవాళ్లు ఎవరు? చైనా నుంచి, లాటిన్ అమెరికా దేశాల నుంచి, కరేబియన్ దీవుల నుంచి వచ్చిన ఆడవాళ్లు. చాలామంది తామే యాభై, అరవై ఏళ్ల వాళ్లు. ఏళ్ల తరబడి మనుషుల్ని ఎత్తి ఎత్తి నడుములు, భుజాలు పోయినవాళ్లు. వాళ్లు ఊరుకోలేదు. 2024 మార్చిలో న్యూయార్క్ సిటీ హాల్ ముందు నిరాహార దీక్ష చేశారు. వాళ్లు అడిగేది ఏమిటి? ముసలివాళ్లను వదిలేస్తామని కాదు. "24 గంటల పనిని ఇద్దరికి పంచండి. 12 గంటలు ఒకరు, 12 గంటలు ఒకరు" అని.

ఆ డబ్బు ఎక్కువ భాగం ఏ ముసలాయన జేబులోదీ కాదు. పేదల వైద్యం కోసం ప్రభుత్వం పెట్టే ఖర్చు. మెడికెయిడ్ అంటారు. అది ఇన్సూరెన్సు కంపెనీల చేతికి, అక్కణ్ణుంచి ఏజెన్సీల చేతికి, ఆఖరికి ఈ ఆడవాళ్ల చేతికి వస్తుంది. దారిలో 11 గంటలు మాయమవుతాయి.

కొలవలేని పనంట!

ఇజ్రాయెల్ సంగతి కొంచెం చెప్తాను, అక్కడ మనవాళ్లున్నారు కాబట్టి. అక్కడ పని గంటలకు, విశ్రాంతికి 1951 నాటి చట్టం ఉంది. ముసలివాళ్ల ఇంట్లోనే ఉండి పనిచేసే యోలాండా గ్లోటెన్ అనే విదేశీ స్త్రీ, ఆ చట్టం ప్రకారం ఓవర్‌టైం ఇవ్వమని కోర్టుకు పోయింది. 2009లో సుప్రీం కోర్టు కాదంది. మళ్లీ వినమంటే తొమ్మిది మంది న్యాయమూర్తులు విన్నారు. 2013లో ఐదుగురు కాదన్నారు, నలుగురు అవునన్నారు. ఒక్క ఓటుతో పోయింది. కాదన్నవాళ్ల వాదన సారాంశం ఏమిటంటే, ఇంట్లోనే ఉండి చేసే ఈ పని వేరే రకం, ఫ్యాక్టరీ పనిలాగా గంటలు కొలవడానికి కుదరదు, కావాలంటే పార్లమెంటు వేరే చట్టం చేసుకోవాలి అని.

అదే కోర్టు 2006లో ఇంకో మాట చెప్పింది. వీసాను ఒకే యజమానికి కట్టేయడం కొత్త రకం బానిసత్వం లాంటిదని. ఆ మాట మంచిదే. కానీ కట్టు ఒక్క వీసాతోనే ఉండదు. పనీ ఆ ఇంట్లోనే, పడకా ఆ ఇంట్లోనే. ముసలాయన కన్ను మూస్తే ఆ పూటతో ఆమె పనీ పోతుంది, తల దాచుకునే చోటూ పోతుంది. అట్లాంటి మనిషి గంటల కోసం ఎట్లా పోట్లాడుతుంది?

ఇంటి మనిషి అంటే ఎవరు?

తోడు, సేవ, నమ్మకం, కూతురులాంటిది, ఇంటి మనిషి. ఈ మాటలన్నీ మనం ముందే విన్నాం. ఊళ్లో పాలేరును ఏమనేవాళ్లు? "మా ఇంట్లో మనిషే, మాతోపాటే తింటాడు" అనేవాళ్లు. కోడి కూయకముందు లేచి, గొడ్లు సర్దుకున్నాక పడుకునేవాడు. ఏడాదికింత అని జీతం, గంటల లెక్క లేదు. తిండి పెట్టాం కదా అన్నారు, చుట్ట ఇచ్చాం కదా అన్నారు. ఇంటి మనిషే అయితే పొలంలో వాటా ఇచ్చారా? గుమ్మం దాటి లోపలికి రానిచ్చారా? 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. చట్టం వచ్చినా ఆ మాట చావలేదు. ఇప్పుడు ముసలివాళ్ల మంచం పక్కన అదే మాట వినిపిస్తోంది.

హైదరాబాదులో, విజయవాడలో చూడండి. కొడుకులు, కూతుళ్లు అమెరికాలో ఉంటారు. ఇక్కడ అమ్మానాన్నలకు బ్యూరో నుంచి ఆయాను పెడతారు. 24 గంటల డ్యూటీ అని పెట్టుకుంటారు. ఒళ్లు తుడవడానికి, మలం ఎత్తడానికి మన చేతులు పనికొస్తాయి. వంటింట్లో మంచినీళ్ల బిందె ముట్టుకోవాలంటే మాత్రం కులం అడిగే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఒళ్లు ముట్టుకోవచ్చు, బిందె ముట్టుకోకూడదు! ఇదీ ఇంటి మనిషికి ఇచ్చే మర్యాద.

ముసలివాళ్లతో మనకు తగాదా లేదు

కొందరు అంటారు, "మంచాన పడ్డ మనిషి దగ్గర గంటలు లెక్కపెట్టడం పాపం కదా" అని. ఆ మాటకు జవాబు చెప్పాలి.

ఆసుపత్రిలో నర్సమ్మకు డ్యూటీ గంటలుంటాయి. గంట కొట్టగానే ఇంకో నర్సమ్మ వస్తుంది. రోగిని ఎవరన్నా వదిలేస్తున్నారా? ఆమెను ఎవరన్నా పాపాత్మురాలంటున్నారా? రెండు రాత్రులు నిద్ర లేని మనిషి చేత్తో మందు వేయిస్తే ఆ మందు తప్పిపోతుంది. నడుము పోయిన మనిషి ఎత్తితే ఇద్దరూ కలిసి పడతారు. గంటల లెక్క పనిచేసే ఆమెకే కాదు, ఆ ముసలివాళ్లకూ మేలు. ప్రేమ ఉంటే ఉండనివ్వండి. చాలామంది మన ఆడవాళ్లు ఆ ముసలివాళ్లను కన్నతల్లిలాగే చూస్తారు, పోతే ఏడుస్తారు. ఆ ఏడుపు ఆమె సొంతం. దాన్ని చూపించి కూలి ఎగ్గొట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇంకో సంగతి. ఆమె అక్కడ ఎవరి తల్లికో అన్నం తినిపిస్తుంటే, ఇక్కడ ఆమె తల్లి ఏం చేస్తోంది? మోకాళ్ల నొప్పులతో మనవళ్లను సాకుతోంది. ఆమె మంచాన పడితే? పెద్ద మనవరాలు బడి మానేస్తుంది. ఆ పిల్ల చాకిరీకి కూలి సంగతి దేవుడెరుగు, దాన్ని పనని కూడా ఎవరూ అనరు. కాబట్టి ముసలివాళ్లను చూసుకోవడం ఆడదాని ఖర్మ కాదు. ప్రభుత్వం ఖర్చు పెట్టాల్సిన పని. రోడ్డు వేసినట్టు, బడి కట్టినట్టు ఇదీ పెట్టాలి.

కువైట్‌లో చట్టం ఉంది

ఇక మన గుమ్మం ముందున్న సంగతికి వద్దాం. కువైట్‌లో ఇంటిపని వాళ్లకు 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున కట్టివ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దీనార్లని నిర్ణయించారు.

12 గంటలు తక్కువేం కాదు. అయినా లెక్కంటూ ఒకటి ఉంది. అది మన ఆడవాళ్లకు తెలియనివ్వరు. తెలిసినా అకామా కఫీలు చేతిలో ఉంటుంది. ఇల్లు వదిలి బయటికొస్తే పరారీ కేసు పెడతారు. అందుకే చట్టం ఉన్నా నోరు లేవదు.

ఇటు మన ప్రభుత్వం ఏం చేసింది? 30 ఏళ్లు నిండని ఆడవాళ్లు గల్ఫ్‌కు ఇంటిపనికి పోకూడదని నిబంధన పెట్టింది. 2016లో, పది పాస్ కాని ఆడవాళ్లను ఆ దేశాలకు పనికి పంపడం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అట్లాంటి ప్రభుత్వ సంస్థలే. తలుపు మూశారు గానీ ఆకలి మూయలేదు. ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతున్నారు, దొడ్డిదారిన తిప్పి పంపుతున్నారు. అట్లా పోయిన మనిషికి ఒప్పందం ఉండదు, 10 లక్షల ప్రవాసీ బీమా ఉండదు, ఆమె పోయినట్టు సర్కారు పుస్తకంలో అంకె కూడా ఉండదు. పోవద్దు అని చెప్పడం తేలిక. పొలంలో పని దొరక్క, అప్పు తీరక పోయే మనిషికి సరైన దారి చూపించడమే ప్రభుత్వం పని.

ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిన గంట

బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు. ఫ్యాక్టరీలో వారానికి 54 గంటలున్న పనిని 48 గంటలకు తగ్గించిన సవరణ చట్టం 1946లో వచ్చింది. దాని వెనక ఆయన కృషి ఉంది. కానీ ఆ గంట ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. పొలం గట్టు మీదికి సరిగా రాలేదు. వంటింట్లోకి, ముసలివాళ్ల మంచం దగ్గరికి అసలే రాలేదు.

2011లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ నంబరు ఒప్పందం చేసింది. ఇంటిపని వాళ్లూ కార్మికులే అని దాని సారం. వారానికి కనీసం 24 గంటలు వరసగా విశ్రాంతి ఇవ్వాలని ఉంది. పిలిస్తే పలకడానికి కాచుకుని ఉండే సమయాన్ని కూడా, దేశ చట్టాలు నిర్ణయించిన మేరకు, పని గంటలుగానే చూడాలని ఉంది. మన దేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది. ఇంటికొచ్చి ఆమోదం తెలిపే సంతకం మాత్రం పెట్టలేదు. కువైట్ పెట్టలేదు, ఇజ్రాయెల్ పెట్టలేదు, అమెరికా పెట్టలేదు. ఈ ఒక్క విషయంలో ఈ దేశాలన్నిటికీ ఐకమత్యం!

మనం ఏం చేయాలి?

ఊరికే బాధపడి లేచిపోతే లాభం లేదు. సంఘం పనివాళ్లు ప్రతి పల్లెలో ఇవి చేయాలి.

ఎవరు పోతున్నా ముందు ఒప్పందం కాగితం చదివించండి. అరబీలో ఉంటే తెలుగులో చెప్పించండి. జీతంతో పాటు గంటలు, వారం సెలవు రాసి ఉన్నాయా చూడండి. ముసలివాళ్ల పని కూడా ఉంటే ఆ సంగతి రాయించండి.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఒక జత ఇంట్లో, ఒక జత సంఘం దగ్గర ఉంచండి. ఏజెంటుకు కట్టిన డబ్బుకు రసీదు అడగండి. ఇవ్వనన్నవాడు దొంగ అని అక్కడే తేలిపోతుంది.

పోయే ప్రతి అక్కకు ఒక చిన్న నోటుపుస్తకం ఇవ్వండి. ఏ రోజు ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడుకుంది, రాత్రి ఎన్నిసార్లు లేపారు, ఏ నెల జీతం ఎప్పుడు చేతికొచ్చింది రాసుకోమనండి. చదువు రాకపోతే గీతలు పెట్టుకోమనండి. కోతల్లో బస్తాల లెక్క గోడ మీద గీతలు పెట్టుకున్నవాళ్లమే కదా మనం! ఫోనుంటే రోజూ ఒక మాట ఇంటికి చెప్పి పెట్టమనండి. రేపు ఎంబసీ ముందు, కార్మిక ఆఫీసు ముందు నిలబడ్డప్పుడు ఆ గీతలే సాక్ష్యం.

ప్రభుత్వాన్ని మనం మూడు అడగాలి. 189వ ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పంపే ప్రభుత్వ సంస్థల ఆఫీసులు హైదరాబాదులో, విజయవాడలో కాకుండా మండలానికి దిగి రావాలి. బ్యూరోల 24 గంటల డ్యూటీని ఇక్కడే, మన రాష్ట్రాల్లోనే ముందు ఆపాలి. ఒక మనిషికి 12 గంటల పైన పని ఉండకూడదు, రాత్రి కాపలా కూడా పనే అని చట్టంలో రాయాలి. మన ఇంటి ముందు అడగలేనివాళ్లం కువైట్ రాజును ఏం అడుగుతాం?

ఇరవై నాలుగు గంటలు ఉండమంటే ఇరవై నాలుగు గంటల కూలి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఇంకో మనిషిని పెట్టాలి. ఇది దయ అడగడం కాదు, లెక్క అడగడం. మీ ఊరు పోయాక ఈ ఒక్క మాట పది మందికి చెప్పండి, పోయే వాళ్ల చేతిలో పుస్తకం పెట్టండి.

సెలవు.